అర్ధరాత్రి అరిచే కారు గురించి మా అమ్మాయికి

బుజ్జీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో ఏడ్చావు. నిద్రమత్తులో గొంతు అలా ఉందన్నావు కానీ నాకు తెలియదా. అల్లుడుగారు క్యాంపులో ఉన్నారు, నువ్వు బుడ్డోణ్ణి మంచం మీద వదిలేసి మూడంతస్తులు దిగి సెల్లార్‌లో అలారం ఆపి పైకి వచ్చేసరికి మళ్ళీ మోగింది, పైగా కింది ఫ్లాటులో గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన, ఇంకెవరికైనా ఏడుపే వస్తుంది. ఫోన్‌లో చెప్తే సగం గుర్తుండదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. చదివి పక్కన పెట్టెయ్యకు, కారు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇది దగ్గర ఉంచుకో.

ముందు ఈ రాత్రి సంగతి చూద్దాం. రిమోట్‌తో లాక్ చెయ్యొద్దు. డ్రైవర్ డోర్‌కి తాళంచెవి పెట్టి తిప్పు. మన కారు అలారం కారుతో పాటు వచ్చింది కాదు, తర్వాత ఆటోనగర్‌లో పెట్టించింది. రిమోట్‌తో లాక్ చేస్తేనే అది కాపలాకి కూర్చుంటుంది, తాళంతో వేస్తే డోర్లు మాత్రమే పడతాయి. నేను ఒకప్పుడు చాలా రోజులు అలాగే నడిపాను. లోపల విలువైనవేమీ ఉంచకు, గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు కదా, నాలుగు రాత్రులకి ఏమీ కాదు.

బ్యాటరీ వైరు పీకేస్తే సరిపోతుందని ఆ వాచ్‌మన్ చెప్పాడన్నావు, ఆ పని మాత్రం వద్దు. మన సైరన్ లోపల దాని సొంత బ్యాటరీ చిన్నది ఒకటుంది. మెయిన్ కరెంటు పోయిందంటే ఎవడో వైరు కోశాడనుకుని అప్పుడే గట్టిగా మొదలుపెడుతుంది. అది కాక చీకట్లో స్పానర్ ప్లస్ టెర్మినల్‌కీ కారు బాడీకీ ఒకేసారి తగిలితే నిప్పులు రాలతాయి, ఆ భయం నాకు వేరే.

అసోసియేషన్ వాళ్ళు మాట అన్నారని మనసులో పెట్టుకోకు. వాళ్ళ తప్పేమీ లేదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల్లో ఇళ్ళుండే చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ అని హద్దు పెట్టారు, సైరన్ పక్కన నిలబడితే వందకి పైనే ఉంటుంది. పొద్దున్నే ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళి, కారణం వెతుకుతున్నామని, దొరికేదాకా అలారం వెయ్యబోమని నువ్వే చెప్పు. ముందుగా మనం వెళ్ళి చెప్తే ఆయనకీ కాస్త నెమ్మదిగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ కారు నా దగ్గర ఉన్నప్పుడు కూడా ఇలాగే అరిచింది. నీకు ఇచ్చేటప్పుడు ఆ సంగతి సరిగ్గా చెప్పలేదు, అది నా తప్పు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు కారు మీ పిన్ని వాళ్ళ వీధిలో ఉంది గుర్తుందా. మెరక మీద పెట్టబట్టి సీట్ల కిందదాకే నీళ్ళొచ్చాయి. కార్పెట్లు పీకి డాబా మీద ఎండబెట్టాం, ఇంజను బాగానే స్టార్టయింది, బతికిపోయాం అనుకున్నాం. కార్తీకమాసంలో ఒకరోజు తెల్లవారుజామున 4 గంటలకి మోగింది. మర్నాడూ మోగింది. కృష్ణలో స్నానానికి బయల్దేరినవాళ్ళు మన గేటు ముందు ఆగి చూసేవాళ్ళు.

ఒక మెకానిక్‌కి చూపిస్తే బానెట్ కూడా సరిగ్గా ఎత్తకుండా, వరద నీళ్ళు వెళ్ళాయి కాబట్టి అలారం కంట్రోల్ బాక్స్ పోయింది, కొత్తది వెయ్యాలి, వైరింగ్ కూడా మార్చాలి, 14 వేలు అవుతుందన్నాడు. మీటర్ పెట్టి చూశావా బాబూ అంటే, మీకు తెలీదు మేడమ్ అన్నాడు. ముప్పై నాలుగేళ్ళు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ల్యాబ్ చూసినదాన్ని, ఏ పిల్లనీ రీడింగ్ లేకుండా రికార్డు రాయనివ్వలేదు, మరి నా కారు విషయంలో రీడింగ్ లేకుండా 14 వేలు ఎలా ఇస్తాను? వారం రోజులు టైమ్ అడిగి ఇంటికొచ్చాను.

ఆ వారం నేను చేసిందల్లా మోగిన ప్రతిసారీ టైమ్ రాసుకోవడం. పగలు ఒక్కసారి కూడా లేదు. అన్నీ మూడున్నరకీ ఐదున్నరకీ మధ్యే. మంచు పడి కారు అద్దాలు తడిసిన రోజుల్లోనే మోగింది, మబ్బు పట్టి మంచు పడని రెండు రోజులు ఊరుకుంది. అంటే ఎక్కడో తడి తగిలి కరెంటు కారుతోంది. బానెట్ ఎత్తి లాక్ పక్కనున్న చిన్న స్విచ్ చూశాను, పైన నల్ల రబ్బరు టోపీ ఉంటుంది, బానెట్ వేస్తే లోపలికి నొక్కుకుంటుంది. ఆ రబ్బరు చిరిగి లోపలి పుల్లకి చిలుం పట్టింది. దాన్ని వేలితో నొక్కి ఉంచితే మీటర్‌లో ఏమీ చూపించకూడదు, ఎందుకంటే నొక్కినప్పుడు ఎర్త్‌కి, అంటే కారు బాడీకి, దారి పూర్తిగా తెగిపోవాలి. నాకు కొన్ని వందల ఓమ్‌లు చూపించింది, అంటే దారి పూర్తిగా తెగలేదు. తడిసినప్పుడల్లా అలారానికి బానెట్ తెరిచినట్టే అనిపిస్తోందన్నమాట. వరద నీళ్ళు అంత పైకి రానేలేదు బుజ్జీ, అందరూ వరద వరద అన్నారు కానీ దానికీ దీనికీ సంబంధమే లేదు.

ఉప్పు కాగితంతో రుద్ది, కాస్త వాజిలిన్ రాసి పెట్టాను. ఆగిపోయింది. కొత్తది వేసి ఉండాల్సింది, రెండు మూడు వందల స్విచ్ అది, ఆగింది కదా అని వదిలేశాను. కాబట్టి నా మొదటి అనుమానం దాని మీదే. అయినా ఇక్కడ కూర్చుని అదేనని తేల్చెయ్యను, నువ్వు చూడాలి.

నువ్వు చెయ్యాల్సింది ఇది. పగలు, వెలుతురులో, బానెట్ ఎత్తి ఆ స్విచ్‌కి కింద తగిలించిన ఒక్క వైరు ఊడదీసి, కొనకి ఇన్సులేషన్ టేప్ గట్టిగా చుట్టి, ఎక్కడా ఇనుముకి తగలకుండా పక్కకి కట్టు. ఇప్పుడు అలారానికి బానెట్ ఎప్పుడూ మూసినట్టే ఉంటుంది. సాయంత్రం ఏడింటికి రిమోట్‌తో లాక్ చేసి పదింటిదాకా గమనించు, ఊరుకుంటే మర్నాడు తెల్లవారుజామున, నువ్వు మేలుకునే ఉన్నప్పుడు, నాలుగు నుంచి ఐదు దాకా వేసి చూడు. పెద్దాయనకి ముందే చెప్పు. అలా మూడు రోజులు మోగకపోతే దొంగ దొరికినట్టే. మోగితే స్విచ్ కాదు, వేరే చోట వెతకాలి. ఒకసారికి ఒక్కటే మార్చు, రెండు మూడు కలిపి చేస్తే దేనివల్ల ఆగిందో తెలియదు.

రెండో అనుమానం బ్యాటరీ. మనం వేసింది 2022 మేలో, మన ఎండలకి మూడు నాలుగేళ్ళు వస్తే గొప్ప. బీరువా కింది అరలో నేనిచ్చిన పసుపు మల్టీమీటర్ ఉంది, డీసీ 20 దగ్గర పెట్టి ఎర్ర వైరు ప్లస్‌కి, నల్లది మైనస్‌కి ఆనించు. 12 వోల్టులకి షాక్ కొట్టదు, భయపడకు. కారు రాత్రంతా ఆగి ఉన్నాక, పొద్దున్నే స్టార్ట్ చెయ్యకముందు చూడాలి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే, 12కి తగ్గితే దాదాపు ఖాళీ. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి చూస్తే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి, లేకపోతే ఛార్జింగ్ సరిగ్గా లేదు. నీరసపడిన బ్యాటరీలో చల్లటి వేళ వోల్టేజి ఇంకా జారుతుంది, సైరన్ దాన్ని చూసి వైరు కోశారనుకుంటుంది. టెర్మినల్స్ మీద తెల్లగానో పచ్చగానో పొడి ఉంటే ఫోటో తీసి పంపు, చేత్తో ముట్టుకోకు, అందులో యాసిడ్ ఉండొచ్చు.

డోర్ల సంగతి తేలిక. లోపలి లైటుని డోర్ అని రాసి ఉన్న వైపు పెట్టి, అన్నీ వేసి, బయట నిలబడి చూడు. లైటు ఆరకపోయినా, మినుకుమినుకుమన్నా ఏదో ఒక డోర్ స్విచ్ పట్టడం లేదు. డిక్కీ కూడా అంతే.

ఇంకోటి. మీ వీధిలో రాత్రిళ్ళు మిర్చి యార్డుకి పోయే లారీల మోత ఎక్కువైందన్నావు, ఇది సీజను కదా. డాష్‌బోర్డ్ కింద అగ్గిపెట్టెంత షాక్ సెన్సర్ ఉంది, దానికి చిన్న స్క్రూ ఉంటుంది, అది మరీ సున్నితంగా పెట్టి ఉంటే లారీ అదురుకే మోగుతుంది. డ్రైవర్ అద్దం దించి, లాక్ చేసి, ఒక నిమిషం ఆగి, బానెట్ మీద అరచేత్తో మెల్లగా తట్టు. దానికే మోగితే స్క్రూ పావు వంతు తగ్గించి మళ్ళీ చూడు. అలారం మోగిన టైమ్‌లు లారీల టైమ్‌లతో కలుస్తున్నాయేమో వాచ్‌మన్‌ని అడుగు, అతనికి బాగా తెలుస్తుంది. బానెట్ మీద పిల్లి అడుగులున్నాయేమో, ఇంజను దగ్గర ఎలుకలు కొరికిన వైర్లున్నాయేమో కూడా ఒక చూపు చూడు.

అన్నట్టు రెండో రిమోట్ ఎక్కడుంది? బుడ్డోడి బొమ్మల బుట్టలో ఉంటే వెంటనే తీసెయ్, దాని మీద ఎర్ర బటన్ నొక్కితే సైరనే మోగుతుంది.

ఇవన్నీ చూశాక ఆటో ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సి వస్తే పిలువు, గుంటూరులో మంచివాళ్ళు చాలామంది ఉన్నారు. ఏదైనా మార్చాలంటే ముందు మీటర్ రీడింగ్ నీ కళ్ళతో చూపించమను. మీకు తెలీదు అంటే, తెలుసుకుంటాను చూపించండి అను. గొంతు పెంచక్కర్లేదు. నువ్వు ఏడ్చింది కారు గురించే కాదని నాకు తెలుసు, ఒక్కదానివే అన్నీ చూసుకోవాల్సి వస్తోందని. ఇది నీవల్ల అవుతుంది కాబట్టే ఇంత రాస్తున్నాను, వచ్చి చేసిపెట్టడం నాకు కష్టమై కాదు.

వస్తున్నాను కూడా. ఆటోనగర్‌లో కొత్త బానెట్ స్విచ్ తీసుకుని ఆదివారం ఉదయం నెహ్రూ బస్టాండ్‌లో గుంటూరు బస్సెక్కుతాను, తొమ్మిదికల్లా నీ దగ్గరుంటాను. ఈలోపు టైమ్‌లు, వోల్టేజి రాసి ఉంచు, కాగితం మీద రాయి, ఫోన్‌లో వద్దు. పెద్దాయనకి షుగర్ ఉందో లేదో కనుక్కుని చెప్పు, లేకపోతే సున్నుండలు చేసి తెస్తాను.

రాత్రి తాళంచెవితో లాక్ చేయడం మర్చిపోకు. మోగినా మోగకపోయినా పొద్దున ఆరింటికి ఫోన్ చెయ్యి.

అమ్మ