రెయిలింగ్ దగ్గర రెండు చోట్లు

క్రాస్బీ,
ఆగస్టు 2023

బుజ్జీ,

ఫోన్లో చెబుదామంటే అక్కడ ఇండియాలో మామ్మ స్పీకర్ ఆన్ చేస్తుంది, పక్కింటివాళ్ళు కూడా వచ్చి పలకరిస్తారు, నేను చెప్పాలనుకున్నది కాస్తా నోట్లోనే ఉండిపోతుంది. అందుకని రాస్తున్నాను.

మొన్న నువ్వు, "నాన్నా, ఈసారి నాకు సీజన్ టికెట్ కొనకు, దండగ" అన్నావు కదా. మన ఫుట్‌బాల్ క్లబ్ మెరీన్‌వి అప్పటికే కొనేశాను. రెండూ నా పర్సులో ఉన్నాయి. మీ అమ్మకి ఇంకా తెలీదు. సెప్టెంబరులో నువ్వు చదువుకోడానికి న్యూకాజిల్ వెళ్ళిపోతావనీ, ఇక్కడ ఉండే శనివారాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చనీ నాకూ తెలుసు. (గ్రేడ్లు వస్తాయిలే, ఆ టెన్షన్ నాకొదిలెయ్.) అయినా కొన్నాను. ఎందుకో ఈ ఉత్తరం అయిపోయేలోపు నాకే తెలుస్తుందేమో చూద్దాం.

విజయవాడలో నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు. లివర్‌పూల్ పక్కనున్న ఈ ఊరికొచ్చిన కొత్తలో అందరూ లివర్‌పూల్ జట్టు, లివర్‌పూల్ జట్టు అంటుంటే టికెట్ కోసం ప్రయత్నించి, దొరక్క, ఉక్రోషంతో మనింటికి పది నిమిషాల నడకలో ఉన్న మెరీన్ గ్రౌండ్ రోసెట్ పార్క్‌కి నిన్ను తీసుకెళ్ళాను. నీకప్పుడు ఆరేళ్ళు. వాన. ఈదురుగాలి. సముద్రం ఒడ్డున నిలబెట్టిన ఆ వంద ఇనప మనుషులు మనకంటే వెచ్చగా ఉన్నారనిపించింది. ఆట ఎలా ఉందో ఒక్క ముక్క గుర్తులేదు. గుర్తున్నది ఒకటే. గ్రౌండ్‌కి ఒకవైపు జనం నిలబడే చోటే లేదు, అటంతా ఇళ్ళ పెరళ్ళు. మెరీన్ ఆటగాడొకడు గట్టిగా తన్నితే బంతి వల దాటి ఎవరి పెరట్లోనో పడింది. నువ్వు నా కోటు లాగి, "ఆ ఇంటివాళ్ళు తిరిగిస్తారా?" అని అడిగావు.

మా వీధిలో వెనకింటావిడ ఏనాడూ ఇవ్వలేదు. మా చిన్నతనంలో బంతులన్నీ ఆవిడ పెరట్లోనే ఉండిపోయాయి. టికెట్ పెట్టి చూసే ఆటలో కూడా బంతి పక్కింట్లో పడుతుందని తెలిశాక, ఇది నాకర్థమయ్యే క్లబ్బే అనుకున్నాను.

ఇది మామ్మకి కూడా చెప్పు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో లీగ్ అంటే పైనున్న నాలుగు అంతస్తులు, వాటిల్లో 92 జట్లు. దానికింద ఉన్నదంతా నాన్ లీగ్. మన మెరీన్ అక్కడిది. 1894లో కొందరు వ్యాపారులు, చదువు ముగించుకున్న కుర్రాళ్ళు కలిసి పెట్టారు. పేరు సముద్రాన్ని చూసి పెట్టిందనుకుంటారంతా. కాదు, పక్కనే వాటర్లూలో మెరీన్ హోటల్ అని ఉండేది, దాని పేరు. హోటల్ పోయింది, పేరు మిగిలింది. రోసెట్ పార్క్‌లోకి 1903లో వచ్చారు. 1932లో అమెచ్యూర్ కప్ ఫైనల్ దాకా వెళ్ళి డల్విచ్ హామ్లెట్ చేతిలో 7-1తో చిత్తుగా ఓడారు. ఆ ఓటమి గురించి కూడా ఇక్కడి ముసలాళ్ళు గొప్పగానే చెప్పుకుంటారు, మనం పెళ్ళిలో జరిగిన గొడవలు చెప్పుకున్నట్టు.

రోలీ హోవర్డ్ గురించి నీకు చెప్పానో లేదో. 1972 నుంచి 2005 దాకా, 33 ఏళ్ళు ఆయనే మేనేజరు. 1,975 మ్యాచ్‌లు. గిన్నిస్ రికార్డు. పొట్టకూటి పని మాత్రం కిటికీలు తుడవడం! పొద్దున్న నిచ్చెన, సాయంత్రం జట్టు. ఆయన హయాంలోనే 1994లో, మళ్ళీ 1995లో మెరీన్ నార్తర్న్ ప్రీమియర్ లీగ్ గెలిచింది. గెలిస్తే పై మెట్టు ఎక్కాలి. ఎక్కనివ్వలేదు. గ్రౌండ్ నిబంధనలకి సరిపోదన్నారు. రెండుసార్లు గెలిచి రెండుసార్లూ ఉన్నచోటే ఉండిపోవడం ఎలా ఉంటుందో, ఇంటర్వ్యూలో పాసై కాగితాలు సరిగ్గా లేవని వెనక్కొచ్చినవాడికి బాగా తెలుస్తుంది. నాకు తెలుసు.

ఇక ఆ రోజు సంగతి. 2021 జనవరి 10, ఆదివారం. చిన్నా పెద్దా జట్లన్నీ కలిసి ఆడే ఎఫ్ఏ కప్ మూడో రౌండులో మన గ్రౌండ్‌కి టాటెన్‌హామ్ వచ్చింది. మెరీన్ ఎనిమిదో మెట్టు, వాళ్ళు మొదటి మెట్టు, మధ్యలో 161 స్థానాలు. ఆ కప్ చరిత్రలో ఇంత ఎడమున్న జట్లు ఎప్పుడూ తలపడలేదు. కోవిడ్ వల్ల జనాన్ని రానివ్వరు కాబట్టి పది పౌండ్లకి ఉత్తుత్తి టికెట్లు అమ్మారు. బాబాయ్ విజయవాడ నుంచి ఒకటి కొంటే పిన్ని, "వెయ్యి రూపాయలు పోసి లేని కుర్చీ కొన్నావా?" అని పెట్టిన చీవాట్లు మనం వీడియో కాల్‌లో విన్నాం. అలాంటి టికెట్లు 30,697 అమ్ముడయ్యాయి. గ్రౌండ్‌లో పట్టేది మూడు వేల పైచిలుకే.

నువ్వు బయట రోడ్డు మీద నిలబడి టాటెన్‌హామ్ వాళ్ళ బస్సు చూసొస్తానన్నావు. బస్సు చూసి వచ్చేస్తానన్నావు, అంతే. నేను వద్దన్నాను. లాక్‌డౌన్ మొదలై వారం కూడా కాలేదు. అంతకు ముందు రాత్రంతా ల్యాబ్‌లో శాంపిళ్ళు చూసి వచ్చాను, ఎన్ని పాజిటివ్‌లో నీకు చెప్పలేదు, చెప్పకుండానే కసిరాను. వద్దనడం తప్పని ఇప్పటికీ అనుకోను. కసిరిన తీరుకి మాత్రం ఈ రెండున్నరేళ్ళూ బాధపడుతూనే ఉన్నాను. నువ్వు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నావు. అమ్మ అరిసెల పిండి పక్కనపెట్టి టీవీ ముందు కూర్చుంది. ఇంకా గోల్స్ పడకముందు మన కెంగ్నీ దూరం నుంచి కొట్టిన బంతి గోల్‌బార్‌కి తగిలినప్పుడు నీ గదిలోంచి కేక వినిపించింది. నువ్వూ ఫోన్లో చూస్తున్నావన్నమాట! ఫస్టాఫ్‌లోనే నాలుగు, మొత్తం ఐదు గోల్స్ తిన్నాం. ఐదోది కొట్టిన కుర్రాడికి పదహారేళ్ళు. దాదాపు నీ ఈడే. అయిపోయాక నువ్వు బయటికొచ్చి, "బార్ అంగుళం పైకుంటే లోపలికెళ్ళేది" అన్నావు. నాతో ఆ రోజు నువ్వన్న మాట అదొక్కటే.

తర్వాత జరిగింది నీకు తెలిసిందే. 2022లో పై మెట్టు కోసం సీజన్ చివర్లో ఆడే ప్లేఆఫ్ గెలిచి ఒక మెట్టు, ఈ ఏడాది మళ్ళీ ప్లేఆఫ్ గెలిచి ఇంకో మెట్టు. నేషనల్ లీగ్ నార్త్, ఆరో అంతస్తు. ఈసారి ఎవరూ అడ్డం చెప్పలేదు. పెరళ్ళు అక్కడే ఉన్నాయి, వల కూడా.

ఈ సీజన్ మీద నా ఆశ పెద్దదేం కాదు. కిందికి జారకపోతే చాలు. రెయిలింగ్ దగ్గర మన పక్కన నిలబడే పెద్దాయన మాత్రం అప్పుడే ప్లేఆఫ్ అంటున్నాడు. ఆయన ప్రతి ఆగస్టులోనూ అదే అంటాడు, నవంబరు నుంచి తిడతాడు. మొన్న, "అమ్మాయేదీ?" అని అడిగాడు. ఇండియాలో ఉందని చెప్పాను. సెప్టెంబరు సంగతి చెప్పలేదు.

ఫిక్స్చర్లు, అంటే మ్యాచ్‌ల పట్టిక, చూశాను. బ్లైత్, సౌత్ షీల్డ్స్ జట్లు రెండూ ఈ డివిజన్‌లోనే ఉన్నాయి. రెండూ న్యూకాజిల్‌కి దగ్గరే, సౌత్ షీల్డ్స్‌కైతే మెట్రోలో పోవచ్చు. కాబట్టి కనీసం రెండుసార్లు నేనటు రావాల్సి ఉంటుంది. మ్యాచ్ కోసమే. నీ గది సర్దావా లేదా అని చూడ్డానికి కాదు. కావాలంటే అమ్మకి కూడా అలాగే చెబుదాం.

నువ్వు దిగిన మర్నాడు శనివారం, హోమ్ మ్యాచ్, మూడింటికి. నిద్ర ఆగకపోతే పడుకో, సెకండాఫ్‌కి రా. మామ్మ చేత జంతికలు రెండు డబ్బాలు చేయించు, ఒకటి పెద్దాయనకి. కారం తక్కువ వెయ్యమను, పోయినసారి పాపం ఆయన హాఫ్ టైం అంతా నీళ్ళు తాగుతూనే ఉన్నాడు.

నాన్న