చిన్న గేమ్ సంస్థలకు కావలసింది భవనాలు కావు

సంపాదకులకు,

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసినప్పటి నుంచి గేమింగ్ అనగానే పేకాట, పందేల గొడవే చర్చకు వస్తోంది. పందెంతో పని లేని ఆటలను ప్రోత్సహించాలని కూడా అదే చట్టం చెబుతున్నా ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. బెంగళూరులో మారతహళ్ళి, కె.ఆర్.పురం ప్రాంతాల్లో ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి అద్దె ఇంట్లోనే కంప్యూటర్ గేమ్‌లు తయారుచేస్తున్నారు; వారిలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. అటువంటి కొందరి పన్ను లెక్కలు చూసే ఆడిటర్‌గా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒకప్పుడు గేమ్ అమ్మాలంటే ప్రచురణకర్త దొరకాలి, సీడీలు అచ్చు వేయించాలి, దుకాణదారు అరలో చోటివ్వాలి. అన్నీ కుదిరేలోగా నకిలీ సీడీ బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు దగ్గర ఫుట్‌పాత్ మీదకి వచ్చేసేది. ఇప్పుడు కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ వేదిక స్టీమ్‌లో ఒక్కో గేమ్‌కు 100 డాలర్లు కడితే చాలు, అమ్మకాలు 1,000 డాలర్లు దాటాక అదీ వెనక్కి వస్తుంది. గూగుల్ ప్లేలో ఒకసారి 25 డాలర్లు కడితే సరిపోతుంది. ఇచ్.ఐఓ అనే మరో గేమ్‌ల వేదికలో అయితే దానికి ఎంత వాటా ఇవ్వాలో తయారీదారే నిర్ణయించుకుంటాడు. స్టీమ్‌లో విడుదలకు ముందే గేమ్ పేజీ తెరిచి ఎంతమంది విష్‌లిస్ట్‌లో (తర్వాత కొనాలనుకునే జాబితాలో) పెట్టుకున్నారో చూసుకోవచ్చు. విడుదలయ్యాక తప్పు బయటపడితే సరిదిద్ది ఆ రాత్రే కొన్నవారందరికీ పంపవచ్చు. బ్రెజిల్‌లో కొన్నవారి నుంచి అక్కడి కరెన్సీలో డబ్బు వసూలు చేసే బాధ్యత స్టీమ్ వంటి వేదికదే. హైదరాబాదుకు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో తన ‘అసుర’ గేమ్‌ను 2017లో ప్రపంచం ముందుకు తెచ్చింది ఈ దారిలోనే.

కమీషన్ విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. స్టీమ్ తీసుకునే 30 శాతం వాటా ఒక గేమ్ అమ్మకాలు కోటి డాలర్లు దాటాకే 25 శాతానికి తగ్గుతుంది. అంటే రాయితీ పెద్దవాడికి, పూర్తి భారం చిన్నవాడికి. ఆపిల్, గూగుల్ ఏడాదిలో మొదటి పది లక్షల డాలర్ల వరకు చిన్న సంస్థల నుంచి 15 శాతమే తీసుకుంటున్నాయి. 2018లో 12 శాతం వాటాతో మొదలైన, స్టీమ్‌కు పోటీ వేదిక అయిన ఎపిక్ స్టోర్ 2025 నుంచి ఒక్కో గేమ్‌పై ఏటా మొదటి పది లక్షల డాలర్లకు అసలు వాటాయే అడగడం లేదు. అయినా కొనేవారు స్టీమ్‌లోనే ఉన్నారు కనుక మనవాళ్ళు అక్కడికే వెళ్తారు. 2024లో ఆ ఒక్క చోటే 18 వేలకు పైగా గేమ్‌లు విడుదలయ్యాయి కాబట్టి తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన అమ్మకం ఖాయం కాదన్నదీ నిజమే.

అసలు చిక్కు డబ్బు ఇంటికి చేరేటప్పుడు వస్తుంది. భారత్, అమెరికాల మధ్య ఉన్న పన్ను ఒప్పందం వర్తించేలా అమెరికా పన్ను పత్రం సరిగా నింపకపోతే అక్కడి అమ్మకాలపై వచ్చే రాబడిలో 15 శాతానికి బదులు 30 శాతం కోత పడుతుంది. ఇది తెలియక నష్టపోయిన కుర్రవాళ్ళను నేను చూశాను. ఒకరి విషయంలో బ్యాంకువారు కొనుగోలుదారు ఎవరు, ఇన్‌వాయిస్ ఏదీ అంటూ నెలాఖరున వచ్చిన సొమ్మును వారాల తరబడి ఆపారు. కొన్నది వేలమంది; ఈ వ్యాపారంలో తయారీదారు ఇన్‌వాయిస్ పంపడు, వేదికే నెలవారీ లెక్క పంపుతుంది. ఆ లెక్క ప్రతిని పట్టుకుని నేనే కౌంటర్ దగ్గరకు వెళ్ళి వివరించవలసి వచ్చింది.

గేమింగ్, యానిమేషన్ రంగానికి 2012లోనే విధానం ప్రకటించిన కర్ణాటక 2024లో మూడోదాన్ని తెచ్చింది. ఇటువంటి విధానాల కింద వచ్చే భవనాలు, ఖరీదైన యంత్రాలు, స్టూడియోలు పెద్ద సంస్థలకు పనికొస్తాయి, కాదనను. అద్దె ఇంట్లో పనిచేసే ఇద్దరికి మాత్రం మొదటి గేమ్ నమోదు రుసుమును ప్రభుత్వం తిరిగి చెల్లిస్తే, విదేశీ పన్ను పత్రాలు నింపడానికి సాయపడే ఒక గుమాస్తాను వారానికి రెండు రోజులు కూర్చోబెడితే ఎక్కువ మేలు. వేదికలు పంపే నెలవారీ లెక్కనే ఇన్‌వాయిస్‌కు బదులుగా అంగీకరించాలని బ్యాంకులకు స్పష్టమైన ఆదేశం ఇవ్వవలసింది రిజర్వు బ్యాంకు. అందుకోసం కేంద్రానికి లేఖ రాయవలసింది రాష్ట్ర ఐటీ శాఖ.

— ఒక పాఠకుడు, కె.ఆర్.పురం, బెంగళూరు