కొండల్లో బరువు మోసింది మోటారు బండ్లేనా?

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ పర్వత దళాల రవాణా గురించి రాసినప్పుడల్లా కెట్టెన్‌క్రాడ్ ఫొటో ఒకటి వేసి సరిపెట్టడం పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తోంది. ముందు మోటార్‌సైకిల్ చక్రం, వెనక ట్యాంకుకు ఉన్నట్టు గొలుసు పట్టాలు ఉండే ఆ బండి చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ ఎన్‌ఎస్‌యూ కంపెనీ తయారుచేసిన ఆ బండిని మొదట ఉద్దేశించింది విమానాల్లో దిగే దళాల కోసం. దారే లేని చోట బరువు మోసినవి కంచరగాడిదలు, హాఫ్లింగర్ జాతి పొట్టి గుర్రాలు. పర్వత దళాల 75 మిల్లీమీటర్ల ఫిరంగి, మోడల్ 36, బరువు సుమారు 750 కిలోలు. దాన్ని ఎనిమిది భాగాలుగా విప్పి జంతువుల వీపున కట్టి ఎక్కించేవారు. ఘాట్ రోడ్డు మీద లోడు లారీని ఫస్ట్ గేర్‌లో లాగించడమే ఎంత టెన్షనో నాకు తెలుసు, ఇక రోడ్డే లేకపోతే చెప్పేదేముంది! 1942 ఆగస్టులో రష్యాలోని కాకసస్ పర్వతాల్లో ఎల్బ్రస్ శిఖరంపై జర్మన్ సైనికులు జెండా పాతిన ఫొటో మాత్రం అందరూ వేస్తారు. కింద కాకసస్ కనుమల్లోని సైనికులకు తిండి, తూటాలు ఎలా చేరాయో ఎవరూ రాయరు. అవతలి పక్షానిదీ అదే కథ, ఇటలీ కొండల్లో మన భారత దళాలకూ కంచరగాడిదలే సరుకు మోశాయి. ఇకనైనా ఫొటో కింద బండి పేరుతో పాటు ఏ దళానిది, ఎక్కడిది, ఏ ఏడాదిది అన్నది అచ్చువేయాలి. పక్కనే ఫిరంగి భాగాలు మోస్తున్న జంతువుల ఫొటో కూడా వేయాలి; జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్‌లో వెతికితే దొరుకుతాయి.

– ఒక రిటైర్డ్ లారీ డ్రైవర్, పాడేరు