డిజిటల్ వాకీటాకీని ల్యాబులోనే కట్టించండి

సంపాదకులకు నమస్కారం.

నాలుగో ఏడాది ప్రాజెక్టుల సమయం వచ్చిందంటే ఈసీఈ పిల్లలు అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ దారి పడతారు. అక్కడ రిపోర్టుతో సహా సిద్ధంగా దొరికే కిట్టు కొంటారు, వైవా రోజు స్విచ్చి వేసి చూపిస్తారు, అంతటితో సరి. ఆ వ్యవధిలోనే ఆ పిల్లలు నోటి మాటను బిట్లుగా మార్చి, రేడియో తరంగం మీదకు ఎక్కించి, అవతలి వైపు దించి, మళ్లీ మాటగా వినిపించే వ్యవస్థను మొత్తంగా కట్టగలరు. అందుకు సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో (ఎస్‌డీఆర్), అంటే చాలా పనిని కంప్యూటర్ ప్రోగ్రామే చేసే రేడియో, పెట్టెలు ఒకటి రెండు ఉంటే చాలు. ఎలా చెయ్యాలో, పని ఎక్కడ చెడుతుందో కాస్త వివరంగా రాస్తున్నాం. ఉత్తరం పొడవైనా విద్యాపేజీలో చోటివ్వమని మనవి.

ముందు ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది తేల్చుకోవాలి. చాలామంది మొదట డీఎంఆర్ (డిజిటల్ మొబైల్ రేడియో) వైపు చూస్తారు, బజారులో దొరికే డిజిటల్ వాకీటాకీలు ఎక్కువగా అవే కాబట్టి. విద్యార్థులకు అది సరిపడదని మా అభిప్రాయం. అందులో మాటను కుదించే ఏఎంబీఈ ప్లస్ 2 వోకోడర్ ఒక కంపెనీ సొత్తు. లోపల ఏం జరుగుతోందో పిల్లలకు కనపడదు, ప్రసారం చెయ్యాలంటే దాని చిప్పో లైసెన్సో కావాలి. రెండో చిక్కు సమయంతో. డీఎంఆర్ ఒకే ఛానల్‌ను 30 మిల్లీసెకన్ల స్లాట్లుగా ఇద్దరికి పంచుతుంది. అందులో మాటకు 27.5, మధ్య ఖాళీకి 2.5. యూఎస్‌బీ తీగ, కంప్యూటర్ బఫర్లు కలిసి అంతకంటే ఎక్కువే ఆలస్యం చేస్తాయి, అదీ ఒకోసారి ఒకోలా. ఏ శాంపిల్ ఏ క్షణానిదో చెప్పే టైమ్‌స్టాంపు సౌకర్యం లేని ఎస్‌డీఆర్‌తో మన స్లాట్‌లోనే నిలబడటం చాలా కష్టం.

ఎం17 అలా కాదు. పోలండ్ అమెచ్యూర్లు (అభిరుచి కొద్దీ రేడియో నడిపే లైసెన్సుదారులు) 2019లో మొదలుపెట్టిన ఈ ప్రమాణం పూర్తిగా బహిరంగం. స్లాట్ల గొడవ లేదు, మాట్లాడినంతసేపూ ఒకటే ధార. ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ రోవ్ రాసిన కోడెక్2 ఇందులో వోకోడర్. సోర్సు కోడు ప్రతి గీతా చదువుకోవచ్చు.

సామాను పెద్దగా ఏమీ లేదు. వినడానికి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ ఒకటి, అదీ 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) మించి తేడా రాని టీసీఎక్స్‌ఓ గడియారపు క్రిస్టల్ ఉన్నదే కొనాలి. పంపడానికి హ్యాక్‌ఆర్‌ఎఫ్ వన్ గాని ఆడాల్మ్ ప్లూటో గాని, డిపార్ట్‌మెంటుకు ఒకటి ఉంటే బ్యాచ్‌లన్నీ వంతులవారీగా వాడుకోవచ్చు. రెండు ఎస్‌ఎంఏ తీగలు, సిగ్నల్ బలాన్ని తగ్గించే 30 డీబీ అటెన్యుయేటర్లు రెండు, లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్, మంచి హెడ్‌సెట్ మైకు. ప్రసారపు పెట్టెకు యాంటెన్నా తగిలించకూడదు. హ్యాక్‌ఆర్‌ఎఫ్ గరిష్ఠంగా సుమారు 15 డీబీఎం శక్తి ఇస్తుంది. వరసగా పెట్టిన రెండు అటెన్యుయేటర్లు 60 డీబీ తగ్గిస్తే డాంగిల్‌కు చేరేది మైనస్ 45. అటెన్యుయేటర్లు లేకుండా తీగ కలిపితే రిసీవర్ ముందు భాగం పొంగిపోయి స్క్రీన్ నిండా దొంగ సిగ్నళ్లు కనిపిస్తాయి, డాంగిల్ కాలిపోనూవచ్చు.

ఇక లెక్క. ఇక్కడ తొందరపడకూడదు, ప్రాజెక్టు సారమంతా ఇందులోనే ఉంది. మైకు మాటను సెకనుకు 8000 శాంపిళ్లుగా, 16 బిట్లలో, మోనోగా తీసుకుంటాం. కోడెక్2 తన 3200 మోడ్‌లో 20 మిల్లీసెకన్ల మాటను, అంటే 160 శాంపిళ్లను, 64 బిట్లకు కుదిస్తుంది. అలాంటివి రెండు కలిపితే 128. దానికి 16 బిట్ల ఫ్రేము సంఖ్య, చివర 4 సున్నాలు చేరిస్తే 148. తప్పులు సరిదిద్దడానికి అదనపు బిట్లు చేర్చే సగం రేటు కన్వల్యూషనల్ కోడు వాటిని 296 చేస్తుంది, కొన్ని బిట్లను వదిలేసే పంక్చరింగ్ 272కు తగ్గిస్తుంది. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పే లింకు సమాచారం నుంచి ఒక ముక్క గోలే అనే మరో తప్పులు సరిదిద్దే కోడు వేసుకుని 96 బిట్లుగా వస్తుంది. మొత్తం 368. వీటిని కలగలిపి, రాండమైజ్ చేసి, ఫ్రేము మొదలును గుర్తుపట్టించే 16 బిట్ల సింక్ ముందు పెడితే 384. రెండేసి బిట్లకు ఒక సింబల్ చొప్పున 192 సింబళ్లు. సెకనుకు 4800 సింబళ్ల వేగంతో అవి సరిగ్గా 40 మిల్లీసెకన్లు పడతాయి, రెండు కోడెక్ ఫ్రేములు తీసుకున్న సమయమూ అంతే. ఈ కూడికను బోర్డు మీద ఒక్కసారి చేయిస్తే, ఛానల్ కోడింగ్ పాఠం ఏడాదంతా చెప్పినా ఎక్కనిది ఎక్కుతుంది. లింకు సమాచారం ఆరు ముక్కలుగా వస్తుంది కాబట్టి, మాట మధ్యలో రిసీవర్ ఆన్ చేసినవాడికి కూడా దాదాపు 240 మిల్లీసెకన్లలో పంపేవారి పేరు తెలిసిపోతుంది.

సింబళ్లు నాలుగు: ప్లస్ 3, ప్లస్ 1, మైనస్ 1, మైనస్ 3. వీటిని 48000 శాంపిళ్ల రేటులో, అంటే సింబల్‌కు పదేసి శాంపిళ్లు వచ్చేలా, సింబళ్ల మధ్య మార్పును నున్నగా చేసే రూట్ రెయిజ్డ్ కొసైన్ ఫిల్టర్ గుండా పంపాలి. సిగ్నల్ వెడల్పును నిర్ణయించే ఆల్ఫా 0.5. డీఎంఆర్ ఫ్లోగ్రాఫు (బ్లాకులు కలిపి గీసిన ప్రోగ్రాం) ఎక్కడో దొరికిందని దాన్నే కాపీ చేస్తే అందులో ఆల్ఫా 0.2 ఉంటుంది, సింబళ్లు ఒకదాని మీదకు ఒకటి ఒరుగుతాయి. తర్వాత గ్నూ రేడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రీక్వెన్సీ మాడ్యులేటర్. ప్లస్ 3 అంటే అసలు ఫ్రీక్వెన్సీ నుంచి 2400 హెర్ట్జ్ జరగడం, ప్లస్ 1 అంటే 800. కాబట్టి సెన్సిటివిటీ విలువ రెండు పైలను 800తో గుణించి 48000తో భాగిస్తే వచ్చే 0.1047. దాన్ని 50 రెట్లు పెంచి 2.4 మెగాశాంపిళ్లకు తెస్తే ఎస్‌డీఆర్‌కు అందించవచ్చు. వినే వైపు డాంగిల్‌ను 240 వేల శాంపిళ్ల రేటులో పెట్టి, ఫిల్టర్ వేసి అయిదో వంతుకు దించితే మళ్లీ 48000. అక్కడ ఫ్రీక్వెన్సీని మళ్లీ అంకెగా మార్చే క్వాడ్రేచర్ డీమాడ్ గెయిన్ 9.55 పెడితే, ఫిల్టర్ గెయిన్లు సరిగా ఉన్నంతవరకు, సింబళ్లు నేరుగా 1, 3 అంకెల్లోనే కనిపిస్తాయి. హార్డ్‌వేర్ కలిపిన ఫ్లోగ్రాఫులో వేగాన్ని కట్టడి చేసే థ్రాటిల్ బ్లాకు ఉంచకండి. వేగాన్ని నిర్ణయించేది హార్డ్‌వేర్ గడియారమే.

అన్నీ ఒకేరోజు కలపవద్దు. మొదట రేడియో లేకుండానే, ఎం17 మాడ్యులేటర్ ప్రోగ్రాం రాసిన ఫైలును డీమాడ్యులేటర్‌కు ఇచ్చి మాట వస్తోందో లేదో చూడాలి. అది వచ్చాకే తీగ.

తీగ కలిపాక మొదట దెబ్బతీసేది ఫ్రీక్వెన్సీ తేడా. 435 మెగాహెర్ట్జ్ దగ్గర 1 పీపీఎం అంటే 435 హెర్ట్జ్. ప్లూటోలోని క్రిస్టల్‌కు 25 పీపీఎం వరకు తేడా ఉండవచ్చు, అంటే దాదాపు 10.9 కిలోహెర్ట్జ్. 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్‌లో అటూ ఇటూ ఉండేది 6.25 మాత్రమే. సిగ్నల్ ఫిల్టర్ బయట పడిపోతుంది, పిల్లలేమో కోడులో తప్పు వెతుకుతూ కూర్చుంటారు. తేడా అంతకంటే చిన్నదైతే మోసం ఇంకా ఎక్కువ. పక్కపక్క సింబళ్ల మధ్య దూరం 1600 హెర్ట్జ్, కాబట్టి 800 హెర్ట్జ్ జరిగితే నాలుగు సింబళ్లలో మూడు సరిహద్దు గీతల మీదే కూర్చుంటాయి. ఫ్రీక్వెన్సీలను తెర మీద గీసే వాటర్‌ఫాల్‌లో సిగ్నల్ నిండుగా కనపడుతుంది, మాట మాత్రం రాదు. పెట్టెలను పావుగంట వేడెక్కనిచ్చి, డీమాడ్ బయట సగటు విలువ సున్నాకు వచ్చేలా ఫ్రీక్వెన్సీ సవరించాలి. సింబళ్ల తరంగాలను కలిపి గీసే ఐ (కన్ను) డయాగ్రంలో ఒకదాని మీద ఒకటి మూడు కళ్లు తెరుచుకుని, మధ్య కన్ను సున్నా గీత మీద నిలిచిందంటే దారిలో పడ్డట్టే. పై కన్నూ కింది కన్నూ మధ్యదాని కంటే చిన్నవిగా నలిగితే గెయిన్ ఎక్కడో మితిమీరి తల తెగుతోందని అర్థం.

ఇంకో తప్పు చూడటానికి వింతగా ఉంటుంది. ఎస్‌డీఆర్ సిగ్నల్‌ను మోసే ఐ, క్యూ అనే రెండు ధారలు సాఫ్ట్‌వేర్‌లో తారుమారైతే ప్లస్ 3 మైనస్ 3 అవుతుంది. ఎం17లో లింకు ఫ్రేము సింక్, మాట ఫ్రేము సింక్ ఒకదానికొకటి సరిగ్గా తిరగేసిన రూపాలు. అందువల్ల సిగ్నల్ తిరగబడినా రిసీవర్‌కు సింక్ దొరుకుతూనే ఉంటుంది. కాకపోతే మాటను లింకనుకుంటుంది, లింకును మాటనుకుంటుంది, బిట్లు సరిగా వచ్చాయో లేదో చూసే సీఆర్‌సీ ప్రతిసారీ తప్పుతుంది. సింక్ వస్తోంది, సీఆర్‌సీ ఎప్పుడూ కలవడం లేదంటే మొదట పొలారిటీ తిప్పి చూడండి.

మామూలు ఎఫ్ఎం వాకీటాకీ స్పీకరు నుంచి తీగ లాగి డీకోడ్ చేద్దామనుకునేవారికి ఒక మాట. స్పీకరు దాకా వచ్చేసరికి డీఎంఫసిస్ పైభాగాన్ని నొక్కేస్తుంది, ఇంకో ఫిల్టర్ 300 హెర్ట్జ్ కింద కోసేస్తుంది. నాలుగు మెట్ల సిగ్నల్ దాంతో గుర్తుపట్టలేనంతగా వంకర పోతుంది. ఈ ఫిల్టర్లకు ముందే, ఎఫ్ఎంను విప్పే డిస్క్రిమినేటర్ దగ్గరే తీసుకోవాలి. ఎస్‌డీఆర్‌లో ఈ బాధ లేదు, డీఎంఫసిస్, సిగ్నల్ లేనప్పుడు శబ్దం ఆపే స్క్వెల్చ్ రెండూ ఆపితే సరి.

కాసేపు బాగా నడిచి ఒక్కసారిగా టక్కుమని తెగుతోందంటే గడియారాల తగువు. సౌండ్‌కార్డు క్రిస్టల్ వేరు, ఎస్‌డీఆర్ క్రిస్టల్ వేరు. రెంటికీ 50 పీపీఎం తేడా ఉంటే మాట 8000 రేటులో గంటకు 1440 శాంపిళ్లు మిగలడమో తగ్గడమో జరుగుతుంది. మాట్లాడే బటన్ నొక్కిన ప్రతిసారీ బఫర్ ఖాళీ చేసి, 200 మిల్లీసెకన్ల ముందస్తు నిల్వతో మొదలుపెడితే ఇది సర్దుకుంటుంది.

మాట నాణ్యత దగ్గర మన భాషకు సంబంధించిన మంచి పని ఉంది. కోడెక్2 ఒకే మనిషి గొంతును లెక్కలోకి తీసుకుంటుంది. వెనుక ఫ్యాను హోరో పాటో ఉంటే మాట ముద్దయిపోతుంది. మైకు శిఖరాలు పూర్తి స్థాయికి 6 డీబీ కిందే ఉండాలి. 8000 శాంపిళ్లలో 4 కిలోహెర్ట్జ్ పైన ఏమీ మిగలదు. స, శ తేడా చెప్పే శబ్దంలో చాలా భాగం ఆ పైనే ఉంటుంది. కల-కళ, పాలు-బాలు, సరం-శరం వంటి జంటలు రికార్డు చేసి, పదిమందికి వరస మార్చి వినిపించి, ఎన్ని సరిగా గుర్తుపట్టారో లెక్కకడితే అదే ఒక ప్రాజెక్టు. మధ్యలో కావాలని బిట్లు చెడగొట్టి, ఏ హద్దు దగ్గర మాట గరగరగా విరుగుతుందో కొలవడం దాని కొనసాగింపు. అనలాగ్ ఎఫ్ఎంలో బురబుర మెల్లగా పెరుగుతుంది. ఇందులో చివరిదాకా మాట తేటగా ఉండి ఒక్క అడుగులో పోతుంది, ఆ తేడా చెవులతో వినాల్సిందే.

ఇదంతా తీగ మీద. గాలిలోకి పంపాలంటే అమెచ్యూర్ లైసెన్సు తప్పనిసరి. కేంద్ర టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెట్టి ఇస్తుంది. 12 ఏళ్లు నిండినవారు రాయవచ్చు, రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కరలేదు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోలో శిక్షణ దొరుకుతుంది. మనకు అనుమతి ఉన్న బ్యాండ్లలో 144 నుంచి 146, 434 నుంచి 438 మెగాహెర్ట్జ్ ఈ పనికి వస్తాయి. హ్యాక్‌ఆర్‌ఎఫ్ బయటి వైపు హార్మోనిక్‌లను (పంపే ఫ్రీక్వెన్సీకి రెట్లలో వచ్చే అదనపు సిగ్నళ్లు) ఆపే ఫిల్టర్ లేదు. 145లో పంపితే మూడో హార్మోనిక్ సరిగ్గా 435లో పడి ఆ బ్యాండ్‌లోని తోటి అమెచ్యూర్లకు అడ్డొస్తుంది, 290లో పడే రెండోది ఇతరుల సేవల్లోకి పోతుంది. లోపాస్ ఫిల్టర్ లేకుండా యాంటెన్నా వద్దు. ఎం17లో మాటను రహస్యం చేసే ఎన్‌క్రిప్షన్ బిట్లున్నాయి. అమెచ్యూర్ బ్యాండ్‌లో గుప్తభాషకు తావు లేదు కాబట్టి అవి సున్నాగానే ఉండాలి. పంపేవారి చోట లైసెన్సుతో వచ్చే మీ కాల్‌సైనే ఉండాలి, దానికి తొమ్మిది అక్షరాల చోటుంది. పోలీసు, ఇతర శాఖల సంభాషణలను ఎస్‌డీఆర్‌తో వినే ప్రయత్నాలను ప్రాజెక్టులుగా ఒప్పుకోవద్దని అధ్యాపకులను గట్టిగా కోరుతున్నాం. అవి వినడానికి మనకు హక్కు లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. తుపానులు మామూలైన తీరం మనది. టవర్లు పడిపోయిన రోజున రేడియో పట్టుకోగల, పాడైతే విప్పి చూడగల పిల్లలు జిల్లాకు పదిమంది ఉన్నా ఎంతో ధైర్యం.

విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళిక సంఘాలకు మా విన్నపం రెండే. కమ్యూనికేషన్ ల్యాబులో ఏఎం, ఎఫ్ఎం ట్రైనర్ కిట్ల పక్కన రెండు ఎస్‌డీఆర్ ప్రయోగాలకు చోటివ్వండి. ఒకటి నాలుగు సింబళ్ల ఐ డయాగ్రం, రెండోది తీగ మీద ఎం17 మాట. వైవాలో విద్యార్థి చేత ఆ 384 బిట్ల లెక్క బోర్డు మీద వేయించండి. కొని తెచ్చిన ప్రాజెక్టేదో, కట్టిన ప్రాజెక్టేదో అక్కడే తేలిపోతుంది.

ఇట్లు,
కొందరు అమెచ్యూర్ రేడియో లైసెన్సుదారులు, ఎలక్ట్రానిక్స్ అధ్యాపకులు,
విజయవాడ