నివేదిక వచ్చింది సరే, జవాబేదీ?

గౌరవనీయులైన రాజ్యసభ ఛైర్మన్ గారికి,

నమస్కారం. నేను ఓ ప్రైవేటు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఈపీఎస్-95 (ఉద్యోగుల పెన్షన్ పథకం, 1995) పెన్షనర్‌ని. ఈ పథకంలో కనీస పెన్షన్ 2014 సెప్టెంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు. గ్యాస్ బండ కొంటే మాత్రలకు ఎంత మిగులుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. అయితే పెన్షన్ పెంచమని అడగడానికి కాదు ఈ లేఖ. ఆ విన్నపం ఎప్పుడో పద్ధతి ప్రకారం మీ సభకే చేరింది.

ప్రజల అర్జీలను పరిశీలించే మీ సభ పిటిషన్ల కమిటీ భగత్ సింగ్ కోశ్యారీ గారి అధ్యక్షతన దాన్ని విచారించి 2013లో నివేదిక ఇచ్చింది. కనీసం 3,000 ఇవ్వాలంది. ఏడాది తర్వాత వెయ్యి వచ్చింది. అది కూడా బడ్జెట్ సాయంతోనే ఇస్తున్నామని ప్రభుత్వం చెబుతూ వస్తోంది. కమిటీ మాట పాటించి తీరాలని నిబంధన లేదు, ఒప్పుకుంటాను. పాటించనప్పుడు సభలో దాని మీద చర్చ జరిగి తీరాలనీ లేదు. నా గొడవంతా ఇక్కడే.

అలాగని ఈ కమిటీని తక్కువ చేయలేను. మాజీ సైనికుల 'ఒకే ర్యాంకు ఒకే పెన్షన్' మీద 2011 డిసెంబరులో నివేదిక ఇచ్చింది ఇదే కమిటీ. 2015 నవంబరులో ఉత్తర్వులు వచ్చాయి. ఈలోగా వాళ్లు జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి కూర్చోవాల్సి వచ్చిందనుకోండి. మావాళ్లూ అక్కడ కూర్చున్నారు.

పార్లమెంటుకు అర్జీ పెట్టడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. గాజుల లక్ష్మీనర్సు శెట్టి గారు మద్రాసులో వ్యాపారి. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టారు. మరుసటేడు ఈస్టిండియా కంపెనీ చార్టర్ (పాలనకు బ్రిటన్ ఇచ్చిన అనుమతి) గడువు ముగియనుండగా ఆ సంఘం లండన్ పార్లమెంటుకు అర్జీ పంపింది. శిస్తు కోసం రైతులను హింసిస్తున్నారన్న ఫిర్యాదూ అక్కడికి చేరింది. డాన్బీ సేమర్ అనే ఎంపీ మద్రాసు వచ్చి శెట్టి గారితో కలిసి ఊళ్లు తిరిగారు. 1854లో కామన్స్ సభలో విషయం లేవనెత్తారు. విచారణ కమిషన్ వేయక తప్పలేదు. చెక్కల మధ్య వేళ్లు పెట్టి నొక్కడం, మనిషిని వంచి తలనూ కాళ్లనూ తాడుతో కలిపి కట్టి ఎండలో ఉంచడం నిజమేనని 1855లో ఆ కమిషనే రాసింది. తప్పంతా కింది నేటివ్ ఉద్యోగుల మీదికి నెట్టి దొరలను తప్పించింది, అది వేరే సంగతి. ఓటు లేని మనుషుల అర్జీ, తమది కాని పార్లమెంటు. అయినా రెండేళ్లలో కదలిక వచ్చింది.

అదే బ్రిటన్ 1842లో కార్మికులకూ ఓటు హక్కు కావాలన్న చార్టిస్టు ఉద్యమకారుల 33 లక్షల సంతకాల పిటిషన్‌ను 287–49 ఓట్లతో తోసిపుచ్చింది. కాదన్నారు, కానీ ఓటేసి మరీ కాదన్నారు. ఇప్పుడక్కడ ఆన్‌లైన్ పిటిషన్‌కు 10,000 సంతకాలు దాటితే ప్రభుత్వం రాతపూర్వకంగా బదులివ్వాలి. లక్ష దాటితే చర్చకు పరిశీలిస్తారు. మనకు సంతకాల లెక్కే కావాలని నేననను. గట్టిగా అరిచేవాళ్లకే అది పనికొస్తుందని నా అనుమానం.

ఇంకోటి. మా వీధిలో బీడీలు చుట్టి పెన్షన్ తీసుకునే పెద్దామె ఒకరున్నారు. బతికే ఉన్నానని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కోసం వెళ్తే ఆమె అరిగిన వేళ్లను మిషన్ ఓ పట్టాన గుర్తుపట్టదు. మీ సభ పిటిషన్ల నిబంధనల్లో మాత్రం చదువు రానివాళ్లు వేలిముద్ర వేయొచ్చని ఉంది, సంతోషం. కానీ పిటిషన్ హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఉండాలి. తెలుగులో రాస్తే అనువాదం జతచేసి దాని మీదా సంతకం పెట్టాలి. తనకు అర్థంకాని కాగితం కింద ఆమె ఏ ధైర్యంతో వేలిముద్ర వేయాలి? దేశంలో వాడే ఏ భాషలోనైనా ఏ అధికారికైనా అర్జీ పెట్టుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. సభలో సభ్యులు తెలుగులో మాట్లాడితే అనువదించేవాళ్లు మీ దగ్గరున్నారు కదా. ఆ పనేదో సెక్రటేరియట్‌లోనే చేయించండి.

కమిటీ సిఫారసును ప్రభుత్వం కాదంటే, ఆరు నెలల్లో సంబంధిత మంత్రి సభలో నిలబడి కారణం చెప్పాలి, దాని మీద ఓ గంటైనా చర్చ జరగాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, నిబంధనలు సవరిస్తే చాలు. 2013 నాటి నివేదికతోనే మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
ఓ ఈపీఎస్-95 పెన్షనర్,
నిజామాబాద్ జిల్లా