వచ్చిన రోజే పేరు రాసుకోండి: ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పల్లెల కంటే పట్నాల్లో పసిపిల్లల మరణాలు తక్కువని లెక్కలు చెబుతాయి. మొన్ననే మూటాముల్లెతో పట్నంలో దిగిన కుటుంబాల పిల్లలు మాత్రం ఆ సగటులో కనిపించరు.

మార్టిన్ బ్రోకర్‌హాఫ్ అనే పరిశోధకుడు 17 దేశాల సర్వేలు ముందు పెట్టుకుని, పల్లె వదిలి పట్నం చేరిన తల్లుల రెండేళ్లలోపు పిల్లల సంగతి ఆరా తీశారు. 1994లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, తల్లి ఊరు మారిన సమయానికి అటూ ఇటూగా ఉన్న రెండేళ్లలో బిడ్డ ప్రాణానికి ముప్పు ఒక్కసారిగా పెరిగింది. పల్లెలో ఉండిపోయినవారి పిల్లలకు గానీ, పట్నవాసుల పిల్లలకు గానీ అంత ముప్పు లేదు. తల్లి వెంట వెళ్లిన బిడ్డకూ, ఊళ్లో వదిలి వెళ్లిన బిడ్డకూ అదే గతి. కుదురుకున్నాక పుట్టిన పిల్లలు మాత్రం క్రమంగా పల్లె పిల్లల కంటే మెరుగ్గా బతికారు. అందుకే వలసలు ఆపమని నేను అడగను. (అలా అడిగేవారు ఆ తల్లులు ఊరెందుకు వదిలారో ఒకసారి కనుక్కుంటే బాగుండు.) నా బాధంతా ఆ మొదటి నెలల గురించే.

ఆరు, పది, పద్నాలుగు వారాలకు టీకాలు వేయాలి. రెండోది పడ్డాక కుటుంబం కదిలిందనుకోండి. టీకాల కార్డు పాత ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉండిపోతుంది. కొత్తచోట ఆరోగ్య కార్యకర్త జాబితా ఇంటి నంబర్ల వరుసలో నడుస్తుంది. రేకుల షెడ్డుకు నంబరేది? ఆసుపత్రికి వెళ్తే చిరునామా రుజువు అడుగుతారు, ఆ తర్వాత కార్డు. ఒకపూట కూలి పోగొట్టుకుని ఉత్త చేతులతో తిరిగొచ్చిన తల్లి మళ్లీ ఎందుకు వెళ్తుంది? పాత ఊరి రిజిస్టరులో బిడ్డ పేరు పక్కన ‘ఊళ్లో లేరు’ అని రాస్తారు. కొత్త రిజిస్టరులో పేరే ఉండదు. తొమ్మిదో నెల తట్టు టీకా కూడా అలాగే తప్పిపోతుంది. రోగనిరోధకత లేనివారి మధ్య ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి పాకగల జబ్బు అది. ఈ పిల్లలేమో ఏడుగురు పడుకునే గదిలో పెరుగుతారు.

ఆరు నెలల వరకు తల్లిపాలే పట్టాలంటాం. పనిచోటికి బిడ్డను రానివ్వరు. ఏడేళ్ల అక్క సీసాలో పాలు కలుపుతుంది. ఆ నీళ్లు మొన్న పట్టిన డ్రమ్ములోవి. చెంబు ముంచిన ప్రతిసారీ వేళ్లూ మునుగుతాయి. విరేచనాలు మొదలవుతాయి. పల్లెలో అయితే ‘బిడ్డ కళ్లు లోతుకు పోయాయి, లేవండి’ అని తరిమే పెద్దదిక్కు ఒకరుండేవారు. ఇక్కడ సాయంత్రం తల్లి వచ్చేదాకా ఎవరూ చూడరు. ఓఆర్ఎస్ పొట్లాలు, 10 నుంచి 14 రోజుల జింకు మాత్రలు సకాలంలో అందితే చాలావరకు గట్టెక్కే బిడ్డ అది.

చిరునామా అడగకుండా, వచ్చిన రోజే బిడ్డ పేరు రాసుకోమని ఉత్తర్వు ఇవ్వండి. మధ్యలో ఆగిన టీకాలను ఆగిన చోటి నుంచే కొనసాగించవచ్చు, మళ్లీ మొదటికి పోనక్కర్లేదు. ఈ సంగతి కిటికీ వెనక కూర్చున్న ఉద్యోగికి కూడా తెలియాలి. కూలి పని ముగిశాక, చీకటి పడ్డాక కూడా టీకా కేంద్రం తెరిచి ఉంచండి.

ఇంకొకటి. బిడ్డ చనిపోయినప్పుడు నింపే కాగితంలో, తల్లి ఈ ఊరికి వచ్చి ఎన్నాళ్లయిందో రాసే గడి చేర్చండి. ఆ గడిలో ‘ఆరు నెలల లోపు’ అని ఎన్నిసార్లు పడిందో ఏడాది చివర మాకూ చెప్పండి.

ఇట్లు,
ఒక పౌరురాలు