బూస్టర్ కొనేముందు కేబుల్ కొస చూడండి

సంపాదకుల వారికి,

ఇంటిపై యాంటెన్నా పెట్టుకున్నాక టీవీలో బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంటే చాలామందికి మొదట తోచేది సిగ్నల్‌ను పెంచే బూస్టర్, ఆ తర్వాత ఇంకా పెద్ద యాంటెన్నా. ఈ రెండూ నిజంగా అవసరమైన ఇళ్లు తక్కువే. లోపం చాలావరకు కేబుల్ కొసన, జాయింట్ల దగ్గర, లేదంటే యాంటెన్నా తిప్పిన దిక్కులో ఉంటుంది. ఈ పని తెలిసినవాళ్లుగా కొన్ని సంగతులు మీ పాఠకులకు చెప్పదలిచాం.

ముందు డబ్బాల మీది రాతల గురించి. ‘రేంజి 200 కిలోమీటర్లు’ అని ముద్రించి అమ్మడం మానిపించాలి. టీవీ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, కాబట్టి భూమి వంపు వాటికి అడ్డొస్తుంది. టవర్ ఎత్తు, యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, వాటి వర్గమూలాలు కలిపి 4.12తో గుణిస్తే ఎంత దూరం అందుతుందో కిలోమీటర్లలో వస్తుంది. టవర్ 150 మీటర్లు, యాంటెన్నా 10 మీటర్లు అనుకుంటే సుమారు 63 కిలోమీటర్లు. అదే టవర్‌ను 200 కిలోమీటర్ల అవతల అందుకోవాలంటే యాంటెన్నా 1,300 మీటర్లకు పైన ఉండాలి! వాతావరణం కలిసొచ్చి ఎప్పుడైనా దూరపు సిగ్నల్ తగిలినా దాన్ని నమ్ముకుని రోజూ టీవీ చూడలేం. డబ్బా మీద ఉండాల్సింది ఏ బ్యాండ్‌కు (ఏ ఫ్రీక్వెన్సీల వరుసకు) పనికొస్తుంది, గెయిన్ (తాను చూసే దిక్కు సిగ్నల్‌ను ఎంత బలంగా పడుతుందో) ఎన్ని డెసిబెల్స్ (బలం హెచ్చుతగ్గుల కొలత) అన్నవి.

డబ్బా చెప్పకపోయినా బ్యాండ్ సంగతి కడ్డీలు చెబుతాయి. కేబుల్ తగిలించే కడ్డీ పొడవు తరంగం పొడవులో దాదాపు సగం ఉంటుంది. 150ని ఫ్రీక్వెన్సీతో, అంటే మెగాహెర్ట్జ్‌తో, భాగిస్తే ఆ సగం మీటర్లలో వస్తుంది. 500 మెగాహెర్ట్జ్‌కు 30 సెంటీమీటర్లు, 200కు 75 సెంటీమీటర్లు. అన్నీ జానెడు కడ్డీలే ఉన్న యూహెచ్ఎఫ్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీల) యాంటెన్నా వీహెచ్ఎఫ్ (తక్కువ ఫ్రీక్వెన్సీల) ఛానెళ్లను సరిగ్గా పట్టలేదు, దానికి ఏ బూస్టరూ మందు కాదు. వరుసగా కడ్డీలుండే ఈ యాగీ-ఉడా యాంటెన్నా 1926 నాటి జపాన్ ఆవిష్కరణ. ఇప్పటికీ దీన్ని వెనుకాముందు చేసి బిగించేవాళ్లున్నారు. పొట్టి కడ్డీల కొస టవర్ వైపు ఉండాలి, పొడవాటి కడ్డీ లేదా జల్లెడలాంటి రిఫ్లెక్టర్ వెనకవైపు ఉండాలి. టవర్ నుంచి తరంగాలు అడ్డంగా వస్తుంటే కడ్డీలు అడ్డంగా, నిలువుగా వస్తుంటే నిలువుగా పెట్టాలి. ఇది తప్పితే దిక్కు సరిగ్గా ఉన్నా సిగ్నల్ చాలావరకు పోతుంది.

యాంటెన్నాను నిలబెట్టే పైపు విషయంలో పిసినారితనం పనికిరాదు. గోడ బ్రాకెట్లు రెండూ దగ్గరదగ్గరగా పెడితే గాలికి పైపు వాటినే పెకలిస్తుంది. పైకి 2 మీటర్లు లేచే పైపుకు బ్రాకెట్ల మధ్య 60 సెంటీమీటర్లయినా ఎడం ఉండాలి. అంతకు మించి ఎత్తు కావాలంటే మూడు వైపుల నుంచి తీగలతో లాగి కట్టాలి. పైపు పై కొసకు మూత పెట్టండి, లేకపోతే వాన నీరు లోపల నిలిచి తుప్పు పడుతుంది. కరెంటు తీగలకు మాత్రం పైపు, యాంటెన్నా కలిపిన పొడవుకు రెండింతల దూరమన్నా పాటించాలి. నిలబెట్టేటప్పుడు చేయి జారి పడినా తీగను తాకకూడదు.

ఇక కేబుల్. 75 ఓమ్‌ల ఆర్జీ-6 కోయాక్సియల్ (మధ్య తీగ చుట్టూ ఫోమ్, దానిపై లోహపు అల్లిక ఉండే రకం), బయట తిరిగేదైతే నల్ల తొడుగుది వాడాలి. ఇది కూడా 700 మెగాహెర్ట్జ్ దగ్గర 30 మీటర్లకు 5 నుంచి 6 డెసిబెల్స్ తినేస్తుంది, అంటే సిగ్నల్‌లో మిగిలేది నాలుగో వంతు నుంచి మూడో వంతే. అందుకే దగ్గరి దారిలో, మధ్యలో అతుకు లేకుండా దింపాలి. వంపుల్లో 7 సెంటీమీటర్ల వ్యాసార్థానికి తగ్గకూడదు. మేకులతో నొక్కి కొడితే లోపలి తెల్ల ఫోమ్ నలిగి అక్కడి నుంచి సిగ్నల్ వెనక్కి కొడుతుంది.

కనెక్టర్ దగ్గరే ఎక్కువ పనులు చెడతాయి. మధ్య రాగి తీగను సుమారు 6 మిల్లీమీటర్లు బయటపెట్టి, అల్లికను మరో 6 మిల్లీమీటర్ల మేర వెనక్కి మడవాలి. కనెక్టర్ ఎక్కించాక తెల్ల ఫోమ్ లోపలి అంచుతో సమంగా కనిపించాలి, రాగి తీగ కనెక్టర్ మూతి నుంచి 2, 3 మిల్లీమీటర్లు బయటికి రావాలి. అల్లికలో ఒక్క పోగు మధ్య తీగను తాకిందా, సిగ్నల్ షార్టే. మరతిప్పే కనెక్టర్లు లోపల సరేగానీ, బయట కంప్రెషన్ (పనిముట్టుతో నొక్కి బిగించే) రకమే వాడండి. దాని మీద తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును కింది నుంచి పైకి చుట్టాలి. అప్పుడే పై పొర కింది పొరను కప్పి, నీరు లోపలికి పోదు. మామూలు కరెంటు టేపు ఎండకు జిగురు వదిలేస్తుంది. ఒకసారి అల్లికలోకి చేరిన నీరు దీపపు వత్తిలో నూనెలా మీటర్ల దూరం పాకుతుంది. అప్పుడు కనెక్టర్ మార్చినా లాభం ఉండదు, కేబులే మార్చాలి. ఇంట్లోకి దూరే కన్నానికి ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు వేలాడదీస్తే నీరు అక్కడే కారిపోతుంది.

బూస్టర్ సిగ్నల్‌తో పాటు రొదనూ పెంచుతుంది. కేబుల్ మింగాక మిగిలిన బలహీన సిగ్నల్‌ను టీవీ పక్కన పెంచి ప్రయోజనం లేదు. పెట్టేది యాంటెన్నా దగ్గరే, పైపు మీద పెట్టాలి. దానికి కరెంటు అదే కేబుల్‌లో పైకి వెళ్తుంది కాబట్టి దారిలో ఉన్న స్ప్లిటర్ (సిగ్నల్‌ను టీవీలకు పంచేది) కరెంటును పోనిచ్చే రకమై ఉండాలి. చాలాసార్లు ‘పాడైన’ బూస్టర్‌కు అసలు కరెంటే అందడం లేదు. రెండు టీవీల స్ప్లిటర్ 3.5 డెసిబెల్స్, నాలుగింటిది 7 డెసిబెల్స్ తింటాయి. ఇళ్లలో బూస్టర్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. టవర్ దగ్గరున్న ఇంట్లో పెడితే సిగ్నల్ మితిమీరి ఉన్న బొమ్మ కూడా పోతుంది. దగ్గర్లో 4జీ టవర్ ఉంటే బూస్టర్‌కు ముందు ఆ 4జీ సిగ్నల్‌ను ఆపే ఫిల్టర్ వేయాలి, వెనక వేస్తే ఉపయోగం లేదు.

దిక్కు కుదిర్చేటప్పుడు టీవీ మెనూలో సిగ్నల్ బలం కాదు, క్వాలిటీ చూడండి. కొంచెం తిప్పి కొన్ని సెకన్లు ఆగాలి, ఎందుకంటే డిజిటల్ టీవీ వెంటనే చూపదు. రెండు పక్కలా బొమ్మ విరిగే చోట్లు గుర్తు పెట్టుకుని వాటి మధ్యలో బిగించాలి. ఎత్తు పెంచితేనే మంచిదనీ లేదు. నేల నుంచి తిరిగొచ్చే తరంగాల వల్ల 30 సెంటీమీటర్లు దించితే బాగుపడిన సందర్భాలుంటాయి. వానలోనే చెడితే జాయింట్లో నీరు, గాలికే చెడితే వదులైన క్లాంపు గానీ ఎదురుగా ఊగే చెట్టు గానీ కారణం.

మెరుపుల మాట. లోహపు పైపునూ కేబుల్ తొడుగునూ ఇంటి ప్రధాన ఎర్తుకే కలపాలి. యాంటెన్నాకు విడిగా గుంత తీసి వదిలేస్తే రెండు ఎర్తుల మధ్య తేడా కరెంటు టీవీ గుండా పారుతుంది. నేరుగా పిడుగు పడితే ఎర్తు కూడా టీవీని కాపాడలేదు. ఉరుములు మొదలవక ముందే టీవీ వెనక కేబుల్ ఊడదీయాలి, మొదలయ్యాక దాన్ని ముట్టుకోకూడదు.

ఇట్లు,
కొందరు టీవీ మెకానిక్‌లు